ఈనిన పశువు దాణా వదిలి ఎండుగడ్డి తింటోందా?

గేదె ఈని మూడు వారాలైంది. పూటకు అయిదు లీటర్లు ఇస్తోంది. ఉన్నట్టుండి ఒక పూట దాణా ముట్టదు. తొట్టిలో తవుడూ చెక్కా అలాగే ఉంటాయి, పక్కన వేసిన వరిగడ్డి మాత్రం నములుతుంది. మర్నాటికి పాలు మూడు లీటర్లకు దిగుతాయి. ఒళ్లు వేడిగా లేదు, పొట్ట ఉబ్బలేదు. ఇంట్లో ఒకరు దిష్టి అంటారు, ఒకరు అజీర్తి అంటారు. కిలో బెల్లం నీళ్లలో కరిగించి గొట్టంతో పోస్తారు. వారం తిరిగేసరికి గేదె పక్కటెముకలు లెక్కపెట్టేలా తయారవుతుంది.

ఇలాంటి పశువుల్లో చాలావాటికి వచ్చింది అజీర్తి కాదు. రక్తంలో చక్కెర పడిపోవడం వల్ల వచ్చే కీటోసిస్ అనే జబ్బు. ఎక్కువ పాలిచ్చే గేదెలకు, సంకరజాతి ఆవులకు ఈనిన మొదటి ఆరు వారాల్లో, అందులోనూ రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీనితో పశువు చనిపోవడం తక్కువే. కానీ పాలు దండిగా వచ్చే రోజుల్లోనే పాలు పోతాయి, ఒళ్లు చిక్కిపోతుంది, మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. రెండు గేదెల పాల మీద ఇల్లు గడిచే రైతుకు ఆ ఈత లాభమంతా అక్కడితో పోయినట్టే.

చక్కెర ఎక్కడికి పోతోంది?

షుగర్ జబ్బు అనగానే మనకు రక్తంలో చక్కెర ఎక్కువ కావడమే గుర్తుకొస్తుంది. మనిషికే కాదు, కుక్కకూ పిల్లికీ కూడా ఆ జబ్బు వస్తుంది. ఆవులు, గేదెల్లో మాత్రం అది అరుదు. వీటి బాధ అందుకు తిరగబడినది, చక్కెర చాలకపోవడం.

ఏమీ తినకముందు మనిషి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఆవుకు 40 నుంచి 60 ఉంటే చాలు, ఆరోగ్యంగానే ఉంటుంది. కీటోసిస్ వచ్చిన పశువులో అది 40 లోపుకు, ఒక్కోసారి 20 దాకా కూడా పడిపోతుంది.

400 కిలోల పశువులో రక్తం సుమారు 30 లీటర్లు ఉంటుంది. ఆ రక్తం మొత్తంలో ఉండే చక్కెర 15 గ్రాములే, అంటే మూడు నాలుగు చెంచాలు. మరి పాల సంగతి చూడండి. లీటరు పాలలో సుమారు 50 గ్రాముల పాల చక్కెర ఉంటుంది. రోజుకు పది లీటర్లిచ్చే పశువు అర కిలో చక్కెరను పాలలో పెట్టి బయటికి పంపుతోందన్నమాట. దాన్ని తయారు చెయ్యడానికి అర కిలోకు మించే గ్లూకోజు పొదుగుకు అందాలి. రక్తంలో ఉన్న ఆ మూడు చెంచాలు రోజుకు సుమారు నలభై సార్లు ఖాళీ అయి, మళ్లీ నిండుతూ ఉండాలి. నింపడం ఎక్కడ ఆలస్యమైనా జబ్బు మొదలవుతుంది.

నింపే పని కాలేయానిది. ఇక్కడే మనకూ పశువుకూ తేడా ఉంది. మనం అన్నం తింటే అది చక్కెరగా మారి నేరుగా రక్తంలోకి వెళుతుంది. నెమరు వేసే పశువు తిన్నదాన్ని ముందుగా పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. గడ్డి అయినా, గింజ అయినా, చివరికి పంచదార అయినా అక్కడ ఆమ్లాలుగా మారిపోతుంది. వాటిలో ముఖ్యమైనవి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు. కాలేయం చక్కెర తయారు చేసుకోవడానికి పనికొచ్చేది ప్రధానంగా ప్రొపియానిక్ ఆమ్లం. ఇది గింజల్లోని పిండి పదార్థం నుంచి ఎక్కువగా వస్తుంది.

ఈనిన తర్వాత పాల దిగుబడి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరుతుంది. మేత తినే శక్తి మాత్రం అంత త్వరగా పెరగదు, దానికి పది పన్నెండు వారాలు పడుతుంది. ఈ మధ్య కాలంలో రాబడి తక్కువ, ఖర్చు ఎక్కువ. పశువు ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించుకుంటుంది. కొద్దిగా కరిగితే ఫరవాలేదు, ప్రతి పాడి పశువులోనూ జరిగేదే. మరీ ఎక్కువ కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరితే అది పూర్తిగా ఖర్చు కాక, కీటోన్లు అనే పదార్థాలుగా మారి రక్తంలోకి, పాలలోకి, మూత్రంలోకి వస్తుంది. కీటోన్లు పెరిగేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. మేత తగ్గితే చక్కెర ఇంకా పడిపోతుంది, కొవ్వు ఇంకా కరుగుతుంది. గానుగెద్దు తిరిగినట్టు ఇది అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. వైద్యం అంటే ఈ తిరుగుడును ఎక్కడో ఒకచోట ఆపడమే.

బెల్లం ఎందుకు పనిచెయ్యదు?

చక్కెర తక్కువైతే బెల్లం పోస్తే సరిపోదా అని రైతులు అడుగుతారు. అడగడం సబబే. కానీ పోసిన బెల్లం బెల్లంలా రక్తానికి చేరదు. పెద్ద పొట్టలో అది గంటల్లోనే పులిసి, చాలా భాగం బ్యూటిరిక్ ఆమ్లంగా, లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. బ్యూటిరిక్ ఆమ్లం నుంచి పుట్టేవి మళ్లీ ఆ కీటోన్లే. కిలో, రెండు కిలోల బెల్లం ఒక్కసారే పట్టిస్తే జబ్బుకు మేత వేసినట్టవుతుంది. పైగా పొట్టలో పులుపు పెరిగి, పారుడు పట్టి, పశువు కూలబడే ప్రమాదం ఉంది. బలమని గంపెడు అన్నం, గంజి, గోధుమలు ఉడకబెట్టి ఒక్క పూటలో పెట్టడం కూడా ఇలాంటిదే, దానివల్ల ప్రాణాలే పోతాయి. తవుడు రుచిగా ఉండటానికి గుప్పెడు బెల్లం కలిపితే తప్పు లేదు. దాన్ని మందు అనుకోకూడదు, అంతే.

నెయ్యి, నూనె పట్టడం మరీ పొరపాటు. అసలే కాలేయం కొవ్వుతో సతమతమవుతోంది. దాని మీద ఇంకో శేరు కొవ్వు పోసినట్టవుతుంది.

ఎలా గుర్తు పట్టాలి?

మొదటి గుర్తు తిండిలోనే ఉంటుంది. పశువు ముందు దాణా వదిలేస్తుంది, తర్వాత పచ్చిమేత మీద ఆసక్తి తగ్గుతుంది, ఎండుగడ్డి, చొప్ప మాత్రం చివరిదాకా తింటుంది. అజీర్తి చేసిన పశువు సాధారణంగా అన్నిటినీ ఒకేసారి మానేస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం రోగం పట్టుకున్నట్టే. పేడ గట్టిపడి, పైన జిగట పూసినట్టు మెరుస్తుంది. నెమరు తగ్గుతుంది. జ్వరం ఉండదు. థర్మామీటరు పెడితే 101-102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే చూపిస్తుంది. అంతకంటే బాగా ఎక్కువుంటే వేరే జబ్బు ఉందని అనుకోవాలి.

రెండో గుర్తు వాసన. పశువు ఊపిరిలో, అప్పుడే పితికిన పాలలో, మూత్రంలో తియ్యటి ఘాటు వాసన వస్తుంది. బాగా మగ్గిన పండు వాసనలా, గోళ్లరంగు తుడిచే ద్రావకం వాసనలా ఉంటుంది. అందరి ముక్కులూ దీన్ని పట్టలేవు, ఇంట్లో ముగ్గురు చూస్తే ఒకరికి తెలియకపోవచ్చు. వాసన లేదని జబ్బు లేదనుకోవద్దు.

మూడో గుర్తు మీ జేబులోనే ఉంటుంది. పాలకేంద్రంలో ఇచ్చే చీటీ చూడండి. ఈ జబ్బు మొదలయ్యే రోజుల్లో కరిగిన కొవ్వు పాలలోకి కూడా వస్తుంది కాబట్టి, పాలు తగ్గుతున్నా వెన్న శాతం పెరగవచ్చు. వెన్నను బట్టే రేటు కాబట్టి రైతు సంతోషిస్తాడు. ఈనిన కొత్తలో లీటర్లు తగ్గుతూ వెన్న ఎక్కుతూ ఉంటే సంతోషించే పని కాదు, తొట్టిలో దాణా మిగులుతోందేమో ఆ పూటే చూసుకోవాలి. పక్కింటి గేదె చీటీతో పోల్చవద్దు, మీ గేదె పోయిన వారం చీటీతోనే పోల్చండి. గేదె పాలలో వెన్న ఎటూ ఎక్కువే, అంకె ఎంత అన్నది కాదు, ఎంత మారింది అన్నది ముఖ్యం.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. మనుషుల మూత్రంలో కీటోన్లు చూసే కాగితపు పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి. పశువు మానం కింది భాగాన్ని చేత్తో నెమ్మదిగా నిమిరితే చాలాసార్లు మూత్రం పోస్తుంది. శుభ్రమైన గిన్నెలో పట్టి, పట్టీ ముంచి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, రంగు పోల్చాలి. ఈనిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్న పశువుకూ లేత రంగు రావచ్చు. ముదురు ఊదా వస్తే అనుమానం బలపడినట్టే. పశువుల ఆసుపత్రిలో సోడియం నైట్రోప్రుస్సైడ్, అమ్మోనియం సల్ఫేట్ కలిసిన పొడి మీద చుక్కలు వేసి ఇలాంటి పరీక్షే చేస్తారు. పాలలో కూడా రంగు వచ్చిందంటే ఇక సందేహించనక్కరలేదు. ఎందుకంటే మూత్రంలో కంటే పాలలో కీటోన్లు తక్కువగా ఉంటాయి.

కొన్ని పశువుల్లో జబ్బు తలకెక్కుతుంది. గోడను, గొలుసును, తన ఒంటినే అదేపనిగా నాకుతుంది. గాలిని నములుతుంది, చొంగ కారుస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది, తల గోడకు ఆనించి నిలబడుతుంది, మీదికి కూడా వస్తుంది. ఇలాంటి లక్షణాలు పిచ్చికుక్క కరిచిన పశువులోనూ ఉంటాయి. అందుకని ఇది కీటోసిసేనని మీరే తేల్చుకుని, నోట్లో చెయ్యి పెట్టడం, గొట్టంతో మందు పొయ్యడం చెయ్యకండి. దూరంగా కట్టి, డాక్టరు చూసేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు.

పాలజ్వరంతో కూడా దీన్ని కలిపేస్తుంటారు. పాలజ్వరం సాధారణంగా ఈనిన మూడు రోజుల లోపే వస్తుంది. చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పి కూలబడుతుంది. అది కాల్షియం తగ్గడం వల్ల వచ్చేది, గంటల్లో వైద్యం అందకపోతే చనిపోతుంది. కీటోసిస్ పశువు నిలబడే ఉంటుంది, రోజుల తరబడి చిక్కుతుంది.

సీసా ఎక్కించాక మళ్లీ ఎందుకు మానేస్తుంది?

చాలామంది రైతుల ఫిర్యాదు ఇది. గ్లూకోజు ఎక్కించిన సాయంత్రం గేదె లేచి దాణా తింది, పాలు కూడా పెరిగాయి, రెండో రోజుకు మళ్లీ మొదటికే వచ్చింది అంటారు. మందు దొంగదని, డాక్టరుకు తెలియదని కోపం తెచ్చుకుంటారు. లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. 50 శాతం గ్లూకోజు అర లీటరు ఎక్కిస్తే లోపలికి వెళ్లేది 250 గ్రాములు. అందులో కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది పొదుగు లాగేస్తుంది. కొద్ది గంటల్లో రక్తంలో చక్కెర మళ్లీ దిగుతుంది. ఇక 5 శాతం సెలైన్ గ్లూకోజు అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాములే. రోజుకు అర కిలోకు పైగా కావలసిన పశువుకు అది ఏ మూలకు? కాబట్టి సీసాలు ఎన్ని అన్నది కాదు, సీసా మీద ఎంత శాతం అని రాసి ఉందో చూడండి. గాఢమైన గ్లూకోజు రక్తనాళంలోకే ఎక్కించాలి, చర్మం కింద ఇస్తే వాచి పుండవుతుంది. అందుకే ఇది డాక్టరు చెయ్యవలసిన పని. ఆసుపత్రి దూరమైతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగవచ్చు.

సీసా పశువును లేపుతుంది. లేచినదాన్ని నిలబెట్టేది తర్వాతి మూడు నుంచి అయిదు రోజులు ఇంట్లో మీరు చేసేదే. ఇందుకు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే తియ్యటి ద్రవం వాడతారు. బెల్లంలా ఇది పొట్టలో పూర్తిగా పులిసిపోదు. చాలా భాగం అలాగే కాలేయానికి చేరుతుంది, కొంత ప్రొపియానిక్ ఆమ్లమవుతుంది, రెండు దారుల్లోనూ చక్కెరే తయారవుతుంది. పెద్ద పశువుకు రోజుకు సుమారు 300 మిల్లీలీటర్ల చొప్పున మూడు నుంచి అయిదు రోజులు ఇవ్వడం మామూలు మోతాదు. మీ పశువుకు ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పినట్టే చెయ్యాలి. త్వరగా తగ్గాలని రెట్టింపు పోస్తే పశువు మత్తుగా తూలుతుంది. పశువుల మందుల షాపులో దీన్ని విటమిన్లు, కోబాల్టు కలిపిన మందుగా కూడా అమ్ముతారు. సీసా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ ఎంత ఉందో చదివి మరీ కొనండి. ట్రాక్టరు రేడియేటర్లో పోసే కూలెంటు ఇది కాదు. పేరు దగ్గరగా ఉంటుందేగానీ అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

తాగించే పద్ధతిలోనే ఎన్నో పశువులు పోతున్నాయి. నాలుక బయటికి లాగి, తల ఆకాశానికెత్తి గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. మూతి వీపు మట్టానికి మించి ఎత్తకుండా, దవడ పక్కనుంచి కొంచెం పోసి, మింగాక ఇంకొంచెం పొయ్యాలి. దగ్గితే వెంటనే తల వదిలెయ్యండి. సరిగ్గా మింగలేని పశువుకు నోటి మందు అసలు వద్దు.

రక్తంలో చక్కెర పెంచడానికి డాక్టర్లు స్టెరాయిడ్ ఇంజెక్షను కూడా ఇస్తారు. పని చేస్తుంది. కానీ అది రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. గర్భాశయంలో చీముగానీ పొదుగువాపుగానీ ఉన్న పశువుకు అది ముప్పు. ఊళ్లో సూది వేసేవారెవరైనా చూడకుండా రోజూ అదే వేస్తానంటే ఒప్పుకోవద్దు. అసలు మాయ సరిగా పడకపోయినా, పొదుగువాపు ఉన్నా, మేకో తీగముక్కో మింగినా పశువు మేత తగ్గించి, దాని వెనకే కీటోసిస్ వస్తుంది. అలాంటప్పుడు మూలంలో ఉన్న జబ్బు తగ్గకుండా చక్కెర నిలబడదు. రెండు మూడు రోజులకు గుణం కనిపించకపోతే డాక్టరుతో ఈ సంగతులన్నీ చెప్పి మళ్లీ చూపించాలి.

తేరుకునే రోజుల్లో మేత సంగతి. దాణా ఒక్కసారే గుమ్మరించకుండా నాలుగైదు సార్లుగా కొద్దికొద్దిగా పెట్టండి. మొక్కజొన్న నూక, జొన్న నూక చక్కెర తయారీకి మంచివే, అయితే రోజుకు పావు కిలో నుంచి అర కిలో మించకుండా పెంచుకుంటూ పోవాలి. లేత పచ్చిమేత ఉంటే ముందు ఈ పశువుకే వెయ్యండి. చెడిపోయి కంపు కొట్టే పాతరగడ్డిలో బ్యూటిరిక్ ఆమ్లం ఉంటుంది, అది పెట్టవద్దు.

జబ్బు బీజం ఈనకముందే పడుతుంది

వట్టిపోయిన రెండు నెలల్లో రైతులు రెండు రకాలుగా ఉంటారు. పాలు ఇవ్వడం లేదు కదా అని వట్టి గడ్డి మీద వదిలేసేవారు కొందరు, దూడ బలంగా పుట్టాలని విపరీతంగా మేపేవారు కొందరు. రెండోవారి పశువులకే ఇది ఎక్కువగా వస్తుందని చాలామందికి నమ్మకం కుదరదు. తుంటి ఎముకలు కూడా కనబడనంత కొవ్వు పట్టిన పశువు ఈనాక తక్కువ తింటుంది, ఎక్కువ కొవ్వు కరిగిస్తుంది. మరీ చిక్కిన పశువుకూ ముప్పే. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేత్తో నొక్కితే తగిలేటట్టు ఉంటే సరైన ఒళ్లు.

ఈనడానికి మూడు వారాల ముందు నుంచి, ఈనాక పెట్టబోయే దాణానే అర కిలోతో మొదలుపెట్టి రెండు కిలోల దాకా పెంచితే పొట్టలోని సూక్ష్మజీవులు అలవాటు పడతాయి. ఈనగానే కొత్త దాణా మార్చడం మంచిది కాదు. ఈనాక పాలు పెరిగే కొద్దీ దాణా పెంచాలి. శరీర పోషణకు ఒకటిన్నర కిలో, ఆపైన గేదెకు ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో, ఆవుకు రెండున్నర లీటర్లకు కిలో అన్నది వాడుకలో ఉన్న లెక్క. లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు మానవద్దు. ప్రొపియానిక్ ఆమ్లం చక్కెరగా మారాలంటే బి12 విటమిన్ కావాలి, దాన్ని పొట్టలోని సూక్ష్మజీవులు తయారు చెయ్యాలంటే అందులోని కోబాల్టు కావాలి. పోయిన ఈతలో కీటోసిస్ వచ్చిన పశువుకు ఈ ఈతలోనూ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటిదాన్ని ఈనకముందే డాక్టరుకు చూపి, ఈనిన తొలి రోజుల్లో ముందుజాగ్రత్తగా ఏం ఇవ్వాలో అడగండి.

గొర్రెలున్నవారికి ఒక మాట. వాటిలో ఇలాంటి జబ్బు ఈనాక కాదు, ఈనకముందు చివరి నెలలో వస్తుంది. కడుపులో కవల పిల్లలున్న తల్లులకు ఎక్కువ. మంద వెనక పడిపోయి, చూపు ఆననట్టు నిలబడే చూడి గొర్రెను ఆ రోజే వైద్యానికి తీసుకెళ్లాలి. గేదెలా రోజుల తరబడి ఆగదు, త్వరగా చనిపోతుంది.

ఈ జబ్బు ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు అంటదు, వేరుగా కట్టనవసరం లేదు. పాలు కాచుకుని తాగితే మనుషులకేమీ కాదు. వాసన బాగా ఉంటే మాత్రం మిగతా పాలలో కలపవద్దు. వైద్యంలో యాంటీబయాటిక్ సూదులు కూడా వేసి ఉంటే ఎన్ని పూటల పాలు కేంద్రానికి పొయ్యకూడదో డాక్టరును అడిగి, అన్ని పూటలూ ఆపండి.